నీళ్ళు తాగిన కుళాయి

పైపుకి చెవి

నీళ్ళ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు మోటారు దగ్గర నిలబడటానికి ఇష్టపడతారు. అక్కడ చప్పుడు ఉంటుంది, ముల్లు తిరిగే గేజి ఉంటుంది, కూర్చోవడానికి బల్ల ఉంటుంది. నేను ఉద్యోగమంతా రోడ్ల మీదే చేశాను. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ అవతల ఉన్న రైల్వే క్వార్టర్లకు నీళ్ళు వదిలే చాబీ నా చేతిలో ఉండేది. చాబీ అంటే కొంగుకు కట్టుకునే తాళంచెవి కాదు. నా భుజం ఎత్తున్న ఇనుప కడ్డీ, పైన అడ్డంగా పిడి. గుంతలో ఉన్న వాల్వుకు తగిలించి ఒంటి బరువంతా వేసి తిప్పాలి. అటు తిప్పితే ఒక వీధికి నీళ్ళు వస్తాయి, ఇటు తిప్పితే ఆగిపోతాయి. ఆడదాన్ని ఆ పనిలో పెట్టారని మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత తెలుగువాళ్ళకు చాబీ పిన్నిని, బెంగాలీలకు చాబీ మాసీని అయ్యాను. మరియమ్మ అన్న నా పేరు జీతం రోజునా, ఆఫీసు బాబులకూ తప్ప ఎవరికీ పనికిరాలేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం నాది వేలిముద్రే. అక్షరాలు రిటైరయ్యాక, మా చర్చి వెనక గదిలో పెద్దవాళ్ళకు పెట్టిన క్లాసులో నేర్చుకున్నాను. కాబట్టి ప్రమోషన్ల సంగతీ, ఫైళ్ళ సంగతీ నన్ను అడగొద్దు. పైపు సంగతి చెబుతాను.

మా దగ్గర ఇంకో కడ్డీ కూడా ఉండేది, సన్నది. దాని ఒక కొన పైపు మీద పెట్టి, రెండో కొన చెవి ముందరి ఎముకకు ఆనిస్తే లోపలి చప్పుడు తెలుస్తుంది. నిండుగా ఉన్న పైపు పెద్దగా ఏమీ అనదు. ఎక్కడైనా కారుతుంటే సన్నగా బుసకొడుతుంది. ఈ రెండూ ఎవరైనా నేర్పుతారు. ఖాళీ పైపు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అది గొట్టం కదా, అవతల ఎక్కడో ఎవరో దగ్గితే మన చెవి పక్కనే దగ్గినట్టు ఉంటుంది. గిన్నె పడితే మన కాళ్ళ దగ్గర పడినట్టు ఉంటుంది. అంతకన్నా చెడ్డది, ఏ చప్పుడూ లేనప్పుడు ఉండేది. మనం చెవి పెట్టి వింటుంటే, ఆ కొస నుంచి ఎవరో చెవి పెట్టి మనల్ని వింటున్నట్టు ఉంటుంది. కొత్తలో ఒకసారి కడ్డీ అక్కడే పారేసి రోడ్డు మధ్యకు వచ్చి నిలబడ్డాను. మండే ఎండలో చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

భయపడటం తప్పు కాదు. భయపడి వినడం మానేస్తే తప్పు.

ఒకే పెద్ద పొయ్యి

నేను చేరినప్పుడు మా పేటల్లో చిన్న చిన్న పంపుహౌసులు చాలా ఉండేవి. నాలుగైదు వరసల క్వార్టర్లకు ఒక బావి, ఒక మోటారు, ఒక బుల్లి ట్యాంకు. ఒక్కోదానికి షిఫ్టుకో మనిషి. ఒక మోటారు చెడితే ఇంకోదాని సామాను దీనికి పట్టదు. ఒకచోట బెల్టు తెగితే ఆ పేట ఆడవాళ్ళు బిందెలతో మా ఆఫీసు ముందు కూర్చునేవాళ్ళు.

ఎనభైల్లో మా ఆఫీసుకు సన్యాల్ బాబు ఇంజనీరుగా వచ్చారు. పొట్టి మనిషి, గొడుగు లేకుండా కదలరు. అంతకు ముందున్న ఇంజనీరు పంపుహౌసు గేజి చూసి "ప్రెషరు బ్రహ్మాండం" అని ఇంటికి పోయేవాడు. నీళ్ళు కుళాయిలోంచి రావాలి, గేజిలోంచి కాదు అని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. సన్యాల్ బాబు అలాంటివారు కాదు. వచ్చిన వారంలోనే నాతో పాటు ప్రతి వాల్వు గుంత దగ్గరికీ నడిచారు. దారిలో ఖరిదా బజారులో టీ తాగుతూ చెప్పారు.

"మరియమ్మా, ఈ టీ కొట్టు చూడు. ఒక పొయ్యి, ఒక గిన్నె, వంద మంది తాగుతున్నారు. ఆ వంద మందీ ఇళ్ళలో వంద పొయ్యిలు వెలిగిస్తే బొగ్గు ఎంత, పాలు ఎన్ని మాడతాయి, చెప్పు?"

"చానా అవుతాది బాబూ."

"మనం అదే చేస్తున్నాం. ప్రతి బావికీ ఒక మోటారు, ప్రతి మోటారుకీ నిద్రపోవడానికి ఒక మనిషి. ఇంతమంది నిద్రకు జీతం ఇచ్చే ఆఫీసు ఇండియాలో ఇంకోటి లేదు."

నది నుంచి వచ్చే పెద్ద గొట్టం దగ్గర పెద్ద పంపులు పెట్టి, చిన్నవన్నీ మూసేయాలన్నది ఆయన ఆలోచన. నేటి పిల్లలు ఇది విని ఆయన్ను విలన్‌ని చేస్తారేమో. చేయొద్దు. ఆయన చెప్పింది నూటికి తొంభై పాళ్ళు జరిగింది. పెద్ద మోటారు కరెంటు తక్కువ తింది. ఒకే రకం సామాను కొన్నాం. మంచి ఫిట్టర్లు పది చోట్లకు పరిగెత్తకుండా ఒకచోట ఉన్నారు. క్లోరిన్ కూడా ఒకేచోట కలిపారు కాబట్టి లెక్క తప్పలేదు. ఎప్పుడూ నీళ్ళు చూడని వీధులకు నీళ్ళు వెళ్ళాయి.

అందరికన్నా చివర మూసింది కాలవ లైను పంపు. కాలవ లైను అని మేం పిలిచేది మురికి కాలవ పక్కన ఉన్న ఒక పొడుగాటి వరస. పై కొస రోడ్డు వైపు ఎత్తుగా ఉంటుంది, కింది కొస కాలవలోకి దిగుతుంది. చిన్న పంపు కింది కొసన ఉండేది. అది ఆడినంతకాలం ఆ వరస పైపు ఎప్పుడూ నిండుగానే ఉంది. మూసేశాక పెద్ద గొట్టం నీళ్ళు పై నుంచి వచ్చేవి, పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మధ్యలో నేను పై వాల్వు కట్టేసేదాన్ని. మధ్యాహ్నమంతా ఆ పైపు ఖాళీ.

ఇక్కడ మా జనం ఏం చేస్తారో చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు కుళాయి ఎవరూ కట్టరు. తిప్పి అలాగే వదిలేసి, దానికి రబ్బరు గొట్టం తొడిగి, గొట్టం రెండో కొన తొట్టిలోకి సగం దాకా దించుతారు. నీళ్ళు వస్తే వాటంతట అవే నిండుతాయని. నీళ్ళు సన్నగా వచ్చే ఇళ్ళవాళ్ళు ఇంకో పని చేస్తారు. గొయ్యి తవ్వి, పైపు కోసి, కుళాయిని ఆ గోతిలోకి దించుకుంటారు. కిందికి దించితే ధార పెరుగుతుంది, నిజమే. కాలవ లైను కింది కొసన ఆఖరి ఇంటివాళ్ళు నడుం లోతు గొయ్యి తవ్వారు. మెట్లు కూడా కట్టుకున్నారు.

తొట్టిలో వేపాకు

పై కొస ఇంట్లో లచ్చిమి అనే ఆవిడ ఉండేది. పెనిమిటి వర్కుషాపులో పని. ఒకరోజు రోడ్డు మీద నా చాబీ పట్టుకుని ఆపింది.

"చాబీ పిన్నీ, మా తొట్టి ఓపాలి సూడు. పొద్దున నింపినాను. మద్దేనానికి సగమైపోతంది. నేల సూస్తే పొడి. పగులు లేదు. ఎవలు తాగుతన్నారు?"

"ఎండకి ఇంకిపోతాది లేవే."

"ఎండా! ఎండ సుట్టూ తిరిగి మా లైనుకే వస్తాదేటి? పక్కింట్లోనూ ఇదే గోల. ఆ పంపుని సంపేసినారు కదా, దాని పేణం దాహానికి తిరుగుతందని అందరూ అంటన్నారు."

నవ్వేసి వెళ్ళాను. కానీ ఆమె కొడుక్కి ఆటలమ్మ పోసిందని తెలిసి, మర్నాడు మధ్యాహ్నం చూడటానికి వెళ్ళాను. మగవాళ్ళు వర్కుషాపులో ఉన్నారు. ఆ వేళకు వరసంతా తలుపులు దగ్గరగా వేసుకుని పడుకుంటుంది. కాకి కూడా అరవదు. పిల్లవాడు వరండాలో, తొట్టి పక్కన చల్లగా ఉంటుందని చాప మీద పడుకుని ఉన్నాడు. ఒళ్ళంతా పొక్కులు. తొట్టిలో పసుపు కలిపి, వేపాకు వేసి ఉంచారు. మరుసటి రోజు వాడికి నీళ్ళు పోయాలి.

నేను గుమ్మంలో కూర్చుని లచ్చిమితో మాట్లాడుతూ తొట్టి వైపు చూస్తున్నాను. ఆకులు కదులుతున్నాయి. గాలి లేదు. అన్నీ మెల్లగా, ఎవరో పిలిచినట్టు, ఒకే మూలకు వెళ్తున్నాయి. రబ్బరు గొట్టం మునిగి ఉన్న మూల అది. ఒక ఆకు గొట్టం నోటి దగ్గర కాసేపు ఆగింది, నిటారుగా నిలబడింది, లోపలికి పోయింది. దాని వెనక ఇంకోటి. తొట్టి గోడ మీద పసుపు గీత మా కళ్ళ ముందే కిందికి దిగుతోంది. చప్పుడు లేదు. నీళ్ళు గొట్టం నోటి కన్నా కిందికి దిగాక మాత్రం, కుళాయి గుటక వేసింది. మనిషి గొంతు చేసే గుటకే.

లచ్చిమి నా చెయ్యి పట్టుకుంది. "సూసినావా? తాగినాది."

నేను గొట్టం ఊడబీకి కుళాయి కట్టేశాను. కుళాయి నీళ్ళు ఇస్తుందని అంతవరకు తెలుసు. తీసుకోవడం అప్పుడే చూశాను. తీసుకున్నది ఎక్కడికి పోయిందో అన్న ప్రశ్న రాత్రి భోజనం దగ్గర గానీ నాకు రాలేదు.

గోతిలో కుళాయి

ఎక్కడికి పోతుంది? పల్లానికి. మర్నాడు మధ్యాహ్నం ఆఖరి ఇంటికి వెళ్ళాను. దారిలో చూస్తే లచ్చిమి మళ్ళీ తొట్టి నింపి, పసుపు కలిపి, గొట్టం వేసే ఉంచింది.

ఆ ఇంటి పెద్ద అప్పలనర్సమ్మ. కొడుకు గూడ్సు బళ్ళ మీద వెళ్ళి నాలుగేసి రోజులు రాడు. కోడలు రవణమ్మకు ఏడో నెల. అంతకుముందు వానల్లో వాళ్ళ రెండేళ్ళ పాప బుల్లి వాంతులూ విరేచనాలతో పోయింది. గుమ్మంలోనే అప్పలనర్సమ్మ నన్ను ఆపింది.

"సెప్పులు తీసి రా. మా గోతిలోకి అమ్మోరు దిగినాది."

"ఏటి?"

"కళ్ళతో సూసుకో. ఊరంతా నీల్లు లేని యాళ, మా కుళాయికి నీల్లు. అదీ పసుపు నీల్లు. నిన్న యాపాకు కూడా వచ్చినాది. నువ్వు కిరస్తానీదానివి, నీకేటి తెలుస్తాదిలే."

కుళాయికి బొట్టు పెట్టారు. దాని కింద ఇత్తడి చెంబు. సన్నటి పసుపు ధార అందులోకి పడుతోంది. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఎందుకంటే రవణమ్మ ఆ గోతి మెట్ల మీద కూర్చుని, చెవి కుళాయికి ఆనించి ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. పక్కన గ్లాసులో అవే నీళ్ళు, సగం తాగినవి.

"అది తాగకే పిల్లా," అన్నాను. "లచ్చిమి ఇంట్లో గుంటడి తానం నీల్లు అవి. తొట్టిలోంచి పైపులోకి ఎనక్కి పోయి ఇక్కడికి దిగుతన్నాయి."

ఆమె కళ్ళు తెరవలేదు. "ఉస్సు. పిన్నీ, ఇను."

నేను మెట్లు దిగి, సన్న కడ్డీ పైపు మీద ఆనించాను. ముందు ఊపిరిలాంటి గాలి వచ్చింది, లోపలికీ బయటికీ. తర్వాత చాలా దూరం నుంచి, చాలా దగ్గరగా, ఒక పసిగొంతు వచ్చింది. "నీల్లు" అంది. కాసేపు ఆగి, మళ్ళీ "నీల్లు".

కడ్డీ తీసేశాను. రవణమ్మ నన్నే చూస్తోంది.

"ఇన్నావు కదా. మా బుల్లి. సచ్చిపోయేముందు అదే మాట అన్నాది పిన్నీ, రెండు రోజులూ. విరోచనాలవుతుంటే నీల్లు పట్టకూడదని అత్త నాకు బిందె అందకుండా పెట్టేసినాది. ఒక్క సుక్క ఇయ్యలేదు." గొంతు పెద్దది చేయకుండానే చెప్పింది. "ఇప్పుడది లైనంతా తిరిగి తాగుతంది. అందరి తొట్లూ తాగుతంది. తాగి, మిగిలింది నాకు పంపుతంది. దాని ఎంగిలి నేను తాగకపోతే ఎవలు తాగుతారు?"

పైన గుమ్మంలో అప్పలనర్సమ్మ ముఖం తిప్పుకుంది. అమ్మోరు అన్న మాట ఆవిడకు ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు తెలిసింది. మనవరాలు అనడం కన్నా అది తేలిక.

నీలిమందు

ఆ వారంలో వరస మధ్య ఇళ్ళల్లో ఇద్దరికి కళ్ళు పచ్చబడ్డాయి. సన్యాల్ బాబుకు చెప్పాను. వరండాలో గొడుగు మూస్తున్నవారు సగంలో ఆగిపోయారు.

"కామెర్లా? గోతి ఇంట్లో కోడలికి ఎన్నో నెల అన్నావు?"

"ఏడు."

"మరియమ్మా, ఖాళీ పైపు తొట్టి నీళ్ళే పీల్చదు. పగిలిన ప్రతి అతుకు దగ్గరా కాలవ నీళ్ళు పీలుస్తుంది. మామూలు మనిషి ఈ కామెర్ల నుంచి లేస్తాడు. నెలలు నిండుతున్న ఆడది లేవకపోవచ్చు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. ఆమె ఆ కుళాయి వదలాలి."

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. లచ్చిమి ఇంట్లో పిల్లవాడికి నీళ్ళు పోయడం అయిపోయింది. తొట్టి కడిగించి, నిండా మంచినీళ్ళు పట్టి, బట్టలకు వేసే నీలిమందు కలిపాం. గొట్టం మళ్ళీ అలాగే వేశాం. ఆకులు లేకపోయినా నీళ్ళు తగ్గడం తెలిసింది. మేం కింది కొసకు నడిచి వచ్చేసరికి అక్కడ వరస ఆడవాళ్ళంతా గోతి చుట్టూ చేరారు. సన్యాల్ బాబు తన సగం తెలుగులో చెప్పారు, పై ఇంట్లో ఏ రంగు వేస్తే ఇక్కడ ఆ రంగు వస్తుందని. అందరూ చూస్తుండగా ధార కొంచెం కొంచెంగా నీలంగా మారింది.

అప్పలనర్సమ్మ చేతులు జోడించింది.

"తల్లి నీలంగా వచ్చినాది," అంది.

వెనకనుంచి ఎవరో నవ్వారు. "రేపు సబ్బు నురగొస్తే ఏటంటావే అప్పా?" కానీ నవ్వినవాళ్ళకన్నా దండం పెట్టినవాళ్ళే ఎక్కువ. సన్యాల్ బాబు నా వైపు చూశారు. ఆయన ముఖంలో వెటకారం లేదు. లెక్క తప్పిన మనిషి ముఖం అది.

వెనక్కి నడుస్తూ అన్నారు. "టీ కొట్టు లెక్కలో నేనొకటి మరిచిపోయాను. పొయ్యి చవకే. టీ మోసుకెళ్ళి ఇంటింటికీ వేడిగా ఇవ్వడం ఎవడి ఖర్చు? నీళ్ళు తోడే చోట పెద్దది చవక. చేర్చే చోట ప్రతి గజం పైపూ ఖరీదే. ఆ ఖర్చు నేను వీళ్ళ కడుపుల మీద వేశాను."

ఈ పనిలో నేను విన్న మాటల్లో మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇదొక్కటే. పెద్ద పంపు తప్పు కాదు. ఎంత పెద్దది అన్నది మోటారు దగ్గర తేల్చకూడదు. లైను కొస ఇంట్లో, ఖాళీ వేళలో తేల్చాలి. పైపు ఖాళీ పడే చోట చిన్న పంపు ఉండనివ్వండి, అది ఎంత దండగగా కనిపించినా. పెద్దది, చిన్నది అని పంతం పట్టేవాళ్ళను నేను చాలామందిని చూశాను. పంతం నీళ్ళను పైకి ఎక్కించదు.

ఆయన పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మూయమన్నది తనే అనీ, కాలవ లైను వరకు తన లెక్క తప్పిందనీ చెప్పి చిన్న పంపు తిరిగి ఆడించడానికి అనుమతి తెచ్చారు. అలా ఒప్పుకునే పై అధికారి దొరికితే వదులుకోకండి.

ఆపమన్న మనిషి

అనుమతి వచ్చేలోపు ప్రతి పూటా చేతిపంపు దగ్గర నీళ్ళు పట్టి రవణమ్మకు ఇచ్చేదాన్ని. తీసుకునేది. నేను తిరగ్గానే అరటిచెట్టుకు పోసేది. ఆ చెట్టు బాగా పెరిగింది.

చిన్న పంపు తాళం తీసి మోటారు వేసిన రోజు, నేను పై వాల్వు కట్టేసి కింది నుంచి లైను నింపడం మొదలుపెట్టాను. మధ్యాహ్నమంతా ఆడింది. సాయంత్రానికి కూడా పై ఇళ్ళకు చుక్క ఎక్కలేదు. పైపు నిండలేదు. గోతి దగ్గరికి వెళ్ళి చూస్తే కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. పంపు తోడిన ప్రతి చుక్కా అందులోంచి కాలవలోకి పోతోంది. మర్నాడూ అంతే. రవణమ్మ దాని మీద ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. ఆ గోతి కుళాయి తెరిచి ఉన్నంతసేపు ఆ లైను ఎప్పటికీ నిండదు. నిండకపోతే మళ్ళీ పీలుస్తుంది.

మూడో రోజు రవణమ్మే పంపుహౌసుకు వచ్చింది. నడుం పట్టుకుని గడపలో నిలబడింది.

"పిన్నీ, మోటారు ఆపు. ఒక్క మద్దేనం ఆపు."

"ఎందుకే?"

"నీల్ల సప్పుడే ఇనపడతంది. దాని గొంతు ఇనపడ్డంలేదు."

మోటారు ఆపడం నాకు ఒక మీట పని. ఆపలేదు. "కామెర్లొస్తే నువ్వు పోతావు. లోపలున్నది పోతాది," అన్నాను.

"తెల్సు. డాట్టరు బాబు సెప్పినాడు, నువ్వు సెప్పినావు, గొడుగు బాబు సెప్పినాడు. అందరికీ లోపలున్నదే కావాల. దాహంతో పోనాది ఎవలకీ అక్కర్లేదు."

నాకు తెలిసిన ఒక్క మాట చెప్పాను. "ఆ గొంతు మీ బుల్లిది కాదే తల్లీ. లచ్చిమి కొడుకుది. తొట్టి పక్కనే పడుకునేవాడు. ఖాళీ పైపులో మాట దూరం పోతాది. రా, నీకు సూపిస్తాను."

ఆమె వచ్చింది. ఎండలో వరస పొడవునా నడిచాం, అడుగడుగుకీ ఆగుతూ. లచ్చిమి కొడుకు లేచి తిరుగుతున్నాడు, ఒంటి మీద మచ్చలు మాత్రం మిగిలాయి. రవణమ్మ వాడి ముందు కూర్చుంది.

"నాయనా, ఒంట్లో బాగోనప్పుడు అమ్మని నీల్లు నీల్లు అని అడిగినావు కదా?"

వాడు సిగ్గుపడి తల్లి వెనక్కి పోయాడు. లచ్చిమి అంది, "అడగడానికి గొంతేదమ్మా? నోరంతా పొక్కులే కదా. ఆ పది రోజులూ మాటే లేదు ఈడికి. ఏటి కావాలన్నా సెయ్యి సూపించేవోడు."

రవణమ్మ నా వైపు తిరిగింది. గెలిచానన్నట్టు చూస్తుందనుకున్నాను, చూడలేదు. నా మీద జాలిపడ్డట్టు చూసింది. "పోనీలే పిన్నీ," అంది.

సన్యాల్ బాబుతో తర్వాత ఈ సంగతి చెబితే, వరసలో ఇంకెంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టావా అన్నారు. వాళ్ళలో ఎవరిదో గొంతు అయి ఉండొచ్చు. నేను లెక్కపెట్టలేదు. ఏ ఇంట్లోనూ అడగలేదు కూడా.

ఊపిరి

ఇంటికి తిరిగి చేరాక రవణమ్మ తిన్నగా గోతిలోకి దిగింది. అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నేను పంపుహౌసుకు వెళ్ళి, నా అంతట నేనే మోటారు ఆపి వచ్చాను. ఆమె అడిగిన మధ్యాహ్నం కాదు, కొద్దిసేపు మాత్రమే. పైపులో మిగిలిన నీళ్ళు కారిపోయి ధార సన్నబడింది, తెగింది. గాలి మొదలైంది.

రవణమ్మ చెవి పెట్టలేదు. నోరు పెట్టింది. కుళాయి మూతి చుట్టూ రెండు చేతులూ దోసిలి పట్టి, పిల్ల చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"తాగినావా బుల్లీ? కడుపు నిండినాదా? అందరి నీల్లూ తాగేసినావు కదే. ఇంక పడుకో. నీ తరవాతోలికి కూడా కావాల."

కాసేపు ఆగింది, జవాబు వినేవాళ్ళు ఆగినట్టు. ఆమెకు ఏమైనా వినబడిందో లేదో నేను అడగలేదు. కుళాయి తిప్పి కట్టేసింది. చాలాకాలంగా తెరిచే ఉంది కాబట్టి బిగుసుకుపోయింది. పైనుంచి అప్పలనర్సమ్మ దిగి వచ్చి, కోడలి చేతుల మీద తన చేతులు వేసి రెండోసారి బిగించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నేను మోటారు వేశాను. నీళ్ళు ఇప్పుడు పోవడానికి వేరే దారి లేదు, పైకే. వరస వెంట నడవడం మొదలుపెట్టాను. తెరిచి వదిలేసిన కుళాయిలన్నీ ఒక్కొక్కటే ఊపిరి వదులుతున్నాయి, కింది ఇంటి నుంచి పై ఇంటి దాకా. ముందు పొడుగాటి నిట్టూర్పు, తర్వాత దగ్గు, తర్వాత నీళ్ళు. నాకన్నా ఒక ఇల్లు ముందు అది నడుస్తోంది. చిన్న కాళ్ళతో ఎవరో వరండాలన్నీ దాటుకుంటూ పరిగెడుతున్నట్టు ఉంది. నిద్రపోతున్న ఆడవాళ్ళు లేచి, చెదిరిన జుట్లతో బయటికొచ్చి కుళాయిలు కట్టారు. పై కొసన లచ్చిమి కొడుకు కుళాయి మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఎవలో ఊదుతన్నారే," అన్నాడు. అంతలో నీళ్ళు వచ్చి వాడి ముఖం తడిసింది.

రవణమ్మకు కామెర్లు రాలేదు. చలి మొదలయ్యాక ఆసుపత్రిలో కూతురు పుట్టింది. నేను చూడటానికి వెళ్ళి, పిల్లను ఒళ్ళోకి తీసుకుని, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. రవణమ్మ కిటికీలోంచి ఎండ చూసి మంచం మీద లేచి కూర్చుంది.

"పిన్నీ, మద్దేనమైపోనాది. నువ్విక్కడుంటే మోటారు ఎవలు ఏస్తారు? లైను కాళీ పడిపోతాది. పిల్లని ఇలగియ్యి. ఎల్లు, బేగి ఎల్లు."